కుదర్దన్న మాట

ఆయమ్మకి మనుషుల ముఖాలకంటే పాదాలే బాగా గుర్తుంటాయి. ఇందులో వింతేం లేదు, ఆవిడ ఉద్యోగం అలాంటిది. మత్తు మాన్పించే సెంటర్లో పన్నెండేళ్ళుగా ఆడవాళ్ళ మరుగుదొడ్డి దగ్గర నిలబడటమే ఆవిడ పని. పరీక్షకి వచ్చిన మనిషి సీసాలో తన నీళ్ళే పోస్తోందో, జాకెట్లో దాచి తెచ్చిన ఇంకొకరివి ఒంపుతోందో కనిపెట్టాలి. అందుకే తలుపు వేసుకోనివ్వరు. చూడాల్సింది చేతులు. చేతులు చూసి, ఫరవాలేదు అనిపించగానే ఆయమ్మ చూపు పాదాల మీదికి దించేసుకుంటుంది. ఇంకెక్కడ చూసినా ఇద్దరికీ తలవంపులే. ఎంత తక్కువ పనికైనా దాని మర్యాద దానికి ఉంటుంది మరి.

మెళకువలూ ఉన్నాయి. కొందరికి ఎంతసేపు కూర్చున్నా రాదు. అప్పుడు ఆయమ్మ బయట కుళాయి సన్నగా విప్పి ఆ చప్పుడు వినిపిస్తుంది. కుండీ నీళ్ళలో నీలం రంగు కలిపి ఉంచుతుంది, అవి తోడి సీసాలో కలిపితే బండారం బయటపడేలా. సీసా చేతికి రాగానే వేళ్ళ వెనకవైపు ఆనించి చూస్తుంది. చల్లగా ఉంటే అది ఇప్పటిది కాదు. వెచ్చగా ఉంటే మూత బిగించి, కాగితం పట్టీ అంటించి, దాని మీద తన పేరులో మొదటి అక్షరం రాసి, గోడకున్న చిన్న కిటికీలోంచి అవతలి గదిలోకి అందిస్తుంది. అవతల ఉండేది ఆ సీసాలు పరీక్షించి ఫారాలు నింపే సీసాలాయన. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. నాలుగేళ్ళుగా పక్కపక్క గదుల్లో పనిచేస్తున్నా ఆ కిటికీలోంచి ఆయమ్మకి ఆయన చేతులు తప్ప పెద్దగా ఏమీ కనపడవు.

సోమవారం పొద్దున పదింటికి జేబులమ్మ వచ్చింది. చొక్కాలు కుట్టే కార్ఖానాలో ఎనిమిదేళ్ళుగా జేబులు మాత్రమే కుడుతోంది కాబట్టి సెంటర్లో ఆ పేరు స్థిరపడిపోయింది. పూర్తి చొక్కా ఒక్కటైనా కుట్టలేదని తనే చెప్పి నవ్వేది. ఈవేళ నవ్వలేదు. కాలివేళ్ళ మధ్య నీలం దారప్పోగులు ఇరుక్కుని ఉన్నాయి. సీసా పట్టుకుని కూర్చుంది, ఎంతకీ రాలేదు. ఆయమ్మ కుళాయి విప్పింది.

“గురువారం నన్ను కమిటీ ముందుకి రమ్మన్నారు ఆయమ్మా,” అంది జేబులమ్మ.

“ఎందుకట?”

“పేరు తీసేస్తారట. మూడుసార్లు పరీక్షకి వద్దన్నానట.”

“ఎందుకు వద్దన్నావే?”

“నేను వద్దనలేదు.”

ఈ మాట ఆయమ్మ ఎంతమంది నోటో విన్నది. తీసుకున్నవాళ్ళు తీసుకోలేదంటారు, అమ్మినవాళ్ళు అమ్మలేదంటారు, వద్దన్నవాళ్ళు వద్దనలేదంటారు. మొదట్లో నమ్మేది. తర్వాత నమ్మడం మానేసింది. ఇప్పుడు నమ్మడమూ లేదు, నమ్మకపోవడమూ లేదు, మోకాళ్ళు పీకుతున్నాయి, అంతే.

“అందరూ అదే అంటారమ్మా,” అంది.

జేబులమ్మ వాదించలేదు. సీసా వంక చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. “పేరు తీసేస్తే డోసు ఆగిపోతుంది. డోసు ఆగితే మూడో రోజుకి నేనేం చేస్తానో నాకు తెలుసు. ఇంక మా వదిన పాపని ఇవ్వదు.”

పాప సంగతి ఆయమ్మకి తెలుసు. ఆరేళ్ళది. జేబులమ్మ మొగుడు పోయాక, నొప్పి మాత్రల మత్తులో ఈవిడ ఒకరోజు బడి దగ్గర పిల్లని మర్చిపోయింది. ఆ సాయంత్రమే మొగుడి అక్క వచ్చి పిల్లని తన ఇంటికి తీసుకుపోయింది. తీసుకుపోయి తప్పుచేసిందని ఎవరూ అనలేరు. ఏడాదిపాటు నిలకడగా ఉందని సెంటరు కాగితం ఇస్తే పిల్లని తిరిగి పంపిస్తానంది. తొమ్మిది నెలలైంది. సెంటరువాళ్ళు పొద్దున్నే కిటికీ దగ్గర నిలబెట్టి తాగించే చేదు మందు ఒక్క పూట కూడా తప్పకుండా తాగుతోంది.

“ఒక్క మాట చెప్పనా,” అంది జేబులమ్మ. “నెలంతా నేను మనిషినే. నెలాఖర్న, నా నెలాఖర్న, నాలుగు రోజులు మాత్రం ఒళ్ళు నా చెప్పుచేతల్లో ఉండదు. పొద్దున తాగింది మధ్యాహ్నానికే దిగిపోతుంది. చెమటలు, వణుకు, కాళ్ళు లాగేస్తాయి. మిషను తొక్కుతుంటే మాత్ర తప్ప ఇంకో ఆలోచన రాదు. అయిదో రోజున బయట చేరానంటే ఎవరో చేత్తో తీసేసినట్టు పోతుంది. మాటల మేడంకి చెప్పాను.”

మాటల మేడమంటే వారానికొకసారి కూర్చోబెట్టి ధైర్యం చెప్పే ఆవిడ. “ఏమంది?”

“మనసు గట్టి చేసుకోమంది. గాలి పీల్చి వదలమంది.”

“ఆ రోజుల్లో అందరికీ చిరాకే లేమ్మా,” అంది ఆయమ్మ. అప్పటికి సీసా నిండింది. వేళ్ళు ఆనించి చూసింది, వెచ్చగానే ఉంది. పట్టీ అంటిస్తూ, పాపం అనుకుంది. పాపం అనుకోవడానికి ఖర్చేముంది, రోజుకి పదిసార్లు అనుకుంటుంది.

*

మంగళవారం ఆఫీసు గుమాస్తా ఆయమ్మని పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. పూర్వమైతే పేరు తీసేసినట్టు కిటికీ దగ్గర ఒక చీటీ ఇచ్చి, ఇంటికో ఉత్తరం పంపి ఊరుకునేవారు. రెండు నెలల క్రితం వచ్చిన కొత్త డాక్టరమ్మ ఈ పద్ధతి మార్పించింది. మనిషిని పిలిచి అడగాలట, సాక్షి సంతకం కూడా ఉండాలట.

“సాక్షివి నువ్వే. చదివి సంతకం పెట్టు,” అన్నాడు గుమాస్తా.

“నేనెందుకు?”

“అక్కడ నిలబడేది నువ్వేగా. నేనా?”

ఆయమ్మ చదవగలదు, కాకపోతే తొందరగా కాదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. సదరు రోగి దిగువ తేదీలలో పరీక్షకు నిరాకరించినది. కింద మూడు తేదీలు. ప్రతి తేదీ పక్కనా సీసాలాయన అక్షరాల్లో, ‘ఆయా ద్వారా తెలిసినది’.

మూడు తేదీలూ ఆవిడకి గుర్తున్నాయి. మొదటిసారి బీరువాలో గుడ్డలు అయిపోతే తన పాత తువ్వాలు సగం చింపి ఇచ్చింది. రెండోసారి జేబులమ్మ గోడ పట్టుకుని నిలబడలేకపోతే వేడినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మూడోసారి, పోయిన నెల, చీర వెనక మరక చూసి పైట తిప్పి కప్పి పంపింది. ఆ మూడుసార్లూ కిటికీలోకి వంగి తనే చెప్పింది. ఈవిడకి ఈవేళ కుదర్దు, అయిదు రోజులాగి ఇస్తుంది, అని. రక్తం కలిసిన సీసా పరీక్షకి పనికిరాదని, ఉద్యోగంలో చేరిన కొత్తలో ముసలి నర్సు నేర్పింది. ఆ నర్సు ఎప్పుడో రిటైరైపోయింది.

ఆయమ్మ కాగితం పట్టుకుని నేరుగా సీసాలాయన గదికి వెళ్ళింది. ఆ గది గుమ్మంలోకి ఆవిడ రావడం అదే మొదటిసారి.

“తమ్ముడూ, నిరాకరించడమంటే వద్దనడమేగా?”

“అంతేగా మరి.”

“ఈవిడ ఎప్పుడు వద్దంది?”

“నువ్వేగా చెప్పావక్కా. ఈవేళ కుదర్దు అన్నావు.”

“కుదర్దంటే కుదర్దని. వద్దందని కాదు.”

“ఫారంలో రెండే గళ్ళున్నాయి. ఇచ్చారు, నిరాకరించారు. కుదర్దంటే ఇవ్వలేదనేగా అర్థం. ఇవ్వకపోతే రెండో గడే.”

“బయటుందయ్యా ఆవిడ.”

“బయటుంటే లోపలికి పిలవాల్సింది.”

ఆయమ్మకి నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. “ఆ బయట కాదు. నెల బయట.”

సీసాలాయన చేతిలో ఉన్న గాజు గొట్టం బల్ల మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “కుదర్దంటే ప్రతిసారీ అదేనా?”

“అదే. నిజంగా మొండికేసినవాళ్ళుంటే ఇవ్వనంటోంది అని చెప్తాను. కుదర్దంటే మాత్రం అదే.”

“నేను రెంటికీ ఒకే గడిలో టిక్కు పెట్టాను. నాలుగేళ్ళుగా.”

“నన్నొక్క మాట అడగొచ్చుగా?”

“నువ్వొక్క మాట తిన్నగా చెప్పొచ్చుగా?”

“నీకెలా చెప్తానయ్యా, మగాడివి.”

“మా ఇంట్లో ముగ్గురాడవాళ్ళున్నారక్కా. కొట్టుకెళ్ళి అవి తెచ్చేది నేనే,” అన్నాడు సీసాలాయన, కాస్త నొచ్చుకున్నట్టుగా.

సీసాలాయన పిరికివాడు, దుర్మార్గుడు కాదు. ఇది కదిపితే ఇద్దరి మెడకీ చుట్టుకుంటుందన్నాడు. సంతకం పెట్టకుండా కాలయాపన చెయ్యమన్నాడు, మళ్ళీ తనే అదీ కుదర్దన్నాడు. ఆ మాట నోట్లోంచి రాగానే నాలిక కరుచుకున్నాడు.

బుధవారం పొద్దున డోసు కిటికీ దగ్గర జేబులమ్మ దొరికింది. మందు మింగి, మింగినట్టు నోరు తెరిచి చూపించి, గ్లాసు కడిగి బోర్లించింది. ఆయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల పక్కకి తీసుకెళ్ళి జరిగిన సంగతి చెప్పింది. తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది. జేబులమ్మ సంతోషిస్తుందనుకుంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

“చెప్తే ఏమవుతుంది?” అంది జేబులమ్మ.

“వద్దనలేదని తేలుతుంది. కొట్టేస్తారు.”

“ఆ ముందురోజుల్లో ఏం చేశావని అడగరా?”

ఆయమ్మకి అప్పుడు తట్టింది. “ఏం చేశావ్?”

“రెండుసార్లు వేసుకున్నాను. ఆ మూడింట్లో మొదటి నెలా, రెండో నెలా. ఒక్కో మాత్ర. ఆ నాలుగు రోజుల్లోనే. మూడోసారి పీలిక గుడ్డ పళ్ళ మధ్య బిగించి ఓర్చుకున్నాను. కావాలంటే దవడ చూడు, ఇంకా నొప్పే.” చూపించడానికి దవడ ముందుకు పెట్టింది. “నువ్వు అయిదు రోజులాగమనేసరికి అంతా కడుక్కుపోయింది. నీ ధర్మమా అని బతికిపోయాననుకున్నాను.”

తను చేసిన మేలే ఆమె తప్పుని దాచింది, ఆ మేలు చెయ్యడానికి వాడిన మాటే ఆమె మీద నేరం మోపింది. ఆయమ్మకి ఈ లెక్క ఎటు తిప్పినా తెగలేదు.

“మరి చెప్పమంటావా, మానమంటావా?”

జేబులమ్మ గోడ గడియారం వంక చూసింది. “పదకొండింటికి నేను మిషను ముందుండాలి,” అని, సమాధానం చెప్పకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

కమిటీ అంటే ముగ్గురు. పెద్ద డాక్టరు మధ్యలో, మాటల మేడం ఒక పక్క, కొత్త డాక్టరమ్మ ఇంకో పక్క. వాళ్ళ ముందు పొడుగాటి బల్ల. జేబులమ్మకి కుర్చీ వేశారు, అంచున కూర్చుంది. ఆయమ్మకి కుర్చీ లేదు, ఎవరికీ తోచలేదు, ఆవిడకీ తోచలేదు. సీసాలాయన ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. అంతమాత్రం ధైర్యం ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.

పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు. పాతికేళ్ళుగా ఇదే పని చేసి చేసి అలిసిపోయినవాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “పరీక్షలో దొరికితే హెచ్చరిక ఇస్తాం, మూడు నెలలు పొడిగిస్తాం. తప్పు ఎవరైనా చేస్తారు. కానీ పరీక్షే వద్దంటే మోసం చేస్తున్నట్టు లెక్క. మూడుసార్లు అయింది. నువ్వు చెప్పుకునేది ఉంటే చెప్పమ్మా,” అన్నాడు.

“నేను వద్దనలేదండీ,” అంది జేబులమ్మ. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాలేదు.

“ఆయా, సంతకం పెట్టావా?”

ఆయమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. సంతకం లేదు. పన్నెండేళ్ళలో ఈ గదిలో ఆవిడ నోరు విప్పింది లేదు; నీళ్ళు పెట్టడానికీ, గ్లాసులు తియ్యడానికీ వచ్చేది. పెద్ద డాక్టరు ముఖం చూడలేక అలవాటుగా ఆయన బూట్ల వంక చూసింది. ఒక బూటు తాడు ఊడి ఉంది.

“ఆవిడ వద్దనలేదు సార్. నేనే కుదర్దన్నాను,” అంది. “ఆ మూడుసార్లూ ఆవిడకి ముట్టయింది. రక్తం కలిస్తే పరీక్ష పాడవుతుందని అయిదు రోజులాగమన్నాను. ఆ మాట కిటికీలోంచి చెప్పడానికి సిగ్గేసి కుదర్దన్నాను. ఆయన వద్దందని రాసుకున్నాడు. ఆయన తప్పు లేదు.”

తలుపు దగ్గర సీసాలాయన, “ఫారంలో రెండే గళ్ళున్నాయి సార్,” అని మెల్లిగా అన్నాడు.

పెద్ద డాక్టరు ముందు నమ్మలేదు. ఆయన అనుమానం ఆయనది. అయిదు రోజులు వాయిదా దొరికితే ఒంట్లో ఉన్నదంతా పోతుంది, ఈ కిటుకు తెలిసినవాళ్ళు వాడుకోరా అన్నాడు. మాటల మేడం తలూపింది. అది అన్యాయమైన ప్రశ్న కూడా కాదు. ఆయమ్మ జేబులమ్మ వంక చూడలేదు. చూస్తే అదొక సైగ అవుతుందని భయపడింది.

జేబులమ్మ కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకుని కూర్చుంది. చీర కుచ్చిళ్ళు ఒకసారి అరచేత్తో సాపుచేసుకుంది, కుట్టబోయే ముందు గుడ్డని సాపుచేసినట్టు.

“రెండుసార్లు వేసుకున్నానండీ,” అంది. “వాయిదా అడిగి దాచుకోలేదు. అది దానంతటదే వచ్చింది. ముట్టుకి మూడు రోజుల ముందొకసారి, ఆ పై నెల రెండు రోజుల ముందొకసారి. మిగతా నెలంతా నాకు మాత్ర గుర్తే రాదు. మేడంకి చెప్పాను.”

మాటల మేడం తన పుస్తకంలోకి చూసుకుంది. చెప్పినట్టే ఉంది. ‘నెలసరి చిరాకు’ అని రెండు ముక్కలు రాసి ఉంది.

కొత్త డాక్టరమ్మ ఇంతవరకూ మాట్లాడలేదు. ముఖం కడుక్కుని రెండు రోజులైనట్టుండే మనిషి, మూడు చోట్ల డ్యూటీ. ఫైలు తనవైపు లాక్కుని తేదీలు ఒక్కొక్కటే అడిగింది. డోసు చాలడం లేదని జేబులమ్మ కిటికీ దగ్గర అడిగిన రోజులు అందులో రాసి ఉన్నాయి. తొమ్మిది నెలల్లో ఏడుసార్లు. “ఈ తేదీల తర్వాత నెలసరి ఎప్పుడొచ్చింది?” అంటే ఆయమ్మ చెప్పింది. అన్నిటికీ మూడు నాలుగు రోజుల తర్వాత ఒక గుడ్డ ఇచ్చింది తను. గుడ్డ ఎవరికి ఎప్పుడిచ్చిందీ ఆవిడ మర్చిపోదు, అది పెద్ద తెలివనీ అనుకోదు.

“సార్, ఆడవాళ్ళ ఒంట్లో రెండు హార్మోన్లు నెలంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి కదా,” అంది డాక్టరమ్మ. “ఒకటి కోరికని ఎగదోస్తుందనీ, రెండోది కాస్త కళ్ళెం పట్టుకుంటుందనీ చూసినవాళ్ళున్నారు. నెలసరి ముందు ఆ రెండోది జారిపోతుంది. అందరికీ ఒకేలా ఉండదు. ఒక్కో మత్తుకి ఒక్కోలా. మాత్రల విషయంలో ఇంకా పూర్తిగా తేలలేదు కూడా.”

“తేలనిదాన్ని పట్టుకుని ఏం చేస్తాం?”

“మనమూ చూడలేదు కాబట్టే తేలలేదు. ఈ డోసు లెక్క వేసినప్పుడు ఇక్కడ ఎంతమంది ఆడవాళ్ళున్నారు?”

పెద్ద డాక్టరు ఆలోచించాడు. “ఒక్కరూ లేరు,” అన్నాడు. అబద్ధం ఆడే మనిషి కాదు.

“ఆ నాలుగైదు రోజులూ కొద్దిగా పెంచి చూద్దాం. మూడు నెలలు చూద్దాం. దానికి ముందు తేదీలు రాయాలి.”

“ఎక్కడ రాస్తారు? ఫైల్లో దానికి గడి లేదు.”

“గియ్యండి సార్,” అంది ఆయమ్మ.

ఎదురు చెప్పాలని అన్నది కాదు, నిజంగానే సులువైన పనని తోచి అన్నది. పెద్ద డాక్టరు ఆవిడ ముఖం వైపు కాసేపు చూసి, బల్ల మీద ఉన్న స్కేలు తీసుకున్నాడు. ఫైలు చివరి పేజీలో నిలువుగా ఒక గీత గీశాడు. పైన ఏం రాయాలో తెలియక కలం డాక్టరమ్మకి ఇచ్చాడు.

మూడు నిరాకరణలూ కొట్టేశారు. రెండు తప్పులు రాశారు. పేరు ఉంటుంది, డోసు ఆగదు. కాకపోతే నిలకడ లెక్క ఇంకో మూడు నెలలు పొడిగించారు. జేబులమ్మ వసారాలోకి వచ్చి బల్ల మీద కూలబడింది.

“ఇంకో ఆరు నెలలు,” అంది. మిగిలిన మూడూ, పెరిగిన మూడూ.

“ఉంటావుగా,” అంది ఆయమ్మ.

“ఉంటాను. పాప పళ్ళు ఊడుతున్నాయట. ముందు పళ్ళు రెండూ. నేను చూసేసరికి కొత్తవి వచ్చేస్తాయి.” కాలివేళ్ళ మధ్య దారప్పోగు ఒకటి లాగి పారేసింది. చివరికి, “మగాళ్ళ ముందు అంత మాట ఎలా అన్నావు ఆయమ్మా,” అని అడిగింది. అందులో మెచ్చుకోలు ఉందో నిష్ఠూరం ఉందో ఆయమ్మకి తెలియలేదు. రెండూ ఉండే ఉంటాయి.

*

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ పురమాయిస్తే సీసాలాయన పాత ఫైళ్ళు దించాడు. నాలుగేళ్ళలో పేరు తీసేసిన ఆడవాళ్ళవి. దుమ్ము దులిపి ఒక్కొక్కటే తెరిచి, మనిషి ఆనవాలూ తేదీలూ చదువుతుంటే ఆయమ్మ ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఏది నిజంగా వద్దన్నది, ఏది కాదు అని.

“కూరగాయల మార్కెట్టు ఆవిడ. అయిదు నిరాకరణలు.”

“ఆవిడ మొండిది. సీసా విసిరికొట్టింది. అవన్నీ నిజమే.”

“ఆస్పత్రి నర్సు. మూడు.”

ఆయమ్మ కళ్ళు మూసుకుంది. తెల్లటి పాదాలు, మడమల్లో పగుళ్ళు. “కుదర్దన్నది. మూడుసార్లూ నేనే అన్నాను.”

ఆయన పక్కన పెట్టాడు. అలా పక్కన పెట్టినవి సాయంత్రానికి తొమ్మిదయ్యాయి. అయిదో ఫైలు దగ్గర సీసాలాయన లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. ఆయమ్మ లేవలేదు. తొమ్మిదిమందీ గేటు దాటి వెళ్తుంటే తను చూసింది. ఒకరిద్దర్ని తిట్టింది కూడా, చేతికందిన మందుని కాలదన్నుకున్నారని.

“ఉత్తరాలు రాస్తానంది డాక్టరమ్మ,” అన్నాడు సీసాలాయన.

“ఉత్తరంలో ఏమని రాస్తారయ్యా? మళ్ళీ ఏ గడిలో టిక్కు పెడతారో.” ఆయమ్మ చెయ్యి చాచింది. “పై ఫైల్లో చిరునామా ఎక్కడిది?”

అది బస్టాండులో టికెట్లిచ్చే అమ్మాయిది. ఇరవై మూడేళ్ళది. పేరు తీసేసి ఏడాదిన్నర. ఇల్లు రెండు బస్సుల దూరం.

శనివారం ఒంటిపూట డ్యూటీ. అయ్యాక ఆయమ్మ ఇంటికి పోలేదు. బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ, మందుల దుకాణం పక్క సందులో మూడో ఇల్లు పట్టుకుంది. తలుపు తీసింది ఒక పెద్దావిడ. చేతులకి సబ్బు నురగ, బట్టలు ఉతుకుతూ వచ్చినట్టుంది. అమ్మాయి పేరు చెప్పి, సెంటరు నుంచి వచ్చానంది ఆయమ్మ.

పెద్దావిడ ముఖం మూసుకుపోయింది. “ఇంకేం మిగిలిందని వచ్చారు? పరీక్షకి ఒప్పుకోలేదు, తీసేశాం అని మీరేగా ఉత్తరం రాశారు.”

“రాశారు. అది తప్పమ్మా.”

“ఏది తప్పు?”

బస్సులో వస్తూ ఏమేమో అనుకుంది ఆయమ్మ, ఎలా మొదలుపెట్టాలి, ఎంత చెప్పాలి అని. అక్కడ నిలబడ్డాక అవేవీ మిగల్లేదు. “మీ అమ్మాయికి ఆ మూడుసార్లూ ముట్టయింది. పరీక్ష తియ్యకూడదు. నేను సిగ్గుపడి కుదర్దన్నాను, లోపలాయన వద్దందని రాశాడు. ఆ పిల్ల వద్దనలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.”

పెద్దావిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

“నాతోనూ అదే చెప్పింది,” అంది. “నేను వద్దనలేదమ్మా, ఒట్టు అంది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. నేను ఆ చెయ్యి తీసి పారేశాను. ఉత్తరం చూపించి, అచ్చులో ఉన్నది అబద్ధమా నువ్వు చెప్పేది నిజమా అన్నాను. ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాలు చాలు, నా గడప తొక్కొద్దన్నాను.”

పెద్దావిడ కొంగు వదిలేసి ఆయమ్మ ముఖంలోకి చూసింది.

“అంటే అది నిజమే చెప్పిందా?”

“నిజమే చెప్పింది.”

“ఆ ఒక్కసారీ నిజమే చెప్పిందా?”

“నిజమే చెప్పిందమ్మా.”

పెద్దావిడ ఏడవలేదు. లోపలికి వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చింది. ఉతకాల్సిన బట్టలు బకెట్లోనే ఉన్నాయి. గుమ్మం పక్క చెప్పులు వెతుక్కుని కాళ్ళు దూర్చింది, ఎడమది కుడికి కుడిది ఎడమకి, మళ్ళీ మార్చుకుంది. రైలు గేటు అవతల ఎవరో స్నేహితురాలి గదిలో ఉంటోందని పోయిన నెల ఎవరో చెప్పారట. విననట్టు ఊరుకుందట.

“నువ్వు కూడా రా,” అంది. “నేను చెప్తే నమ్మదు.”

ఇద్దరూ సందులోకి దిగారు. నాలుగడుగులు వేశాక ఆయమ్మ వెనక్కి చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది.

“తాళం వెయ్యలేదమ్మా.”

“ఉండనీ,” అంది పెద్దావిడ, ఆగకుండానే. “మనం అటు వెళ్ళేలోపు అది ఇటొస్తే?”